ట్రాఫిక్ జామ్ కావాలని మొక్కినవాడు

"మేడమ్, జర లేవండి. అది నా సీటు."

"మీ పేరు రాసుందా?"

"పేరు లేదు. కర్చీఫ్ ఉంది."

"ఏడుంది?"

"మీరు దాని మీదనే కూసున్నరు."

అబిడ్స్ జీపీఓ స్టాపులో సాయంత్రం పూట బస్సెక్కడం అందరికీ వచ్చే విద్య కాదు. విజయేందర్‌కి వచ్చు. బస్సు ఇంకా ఆగకముందే దాని పక్కన పరుగెత్తాలి. లోపల ఎవరు దిగడానికి లేస్తున్నారో కిటికీలోంచి కనిపెట్టాలి. ఆ సీటు మీదకి కర్చీఫ్ విసరాలి. ఆ తర్వాత మెట్ల దగ్గర మోచేతులతో యుద్ధం చేసి తీరిగ్గా లోపలికి రావచ్చు, సీటు ఎక్కడికీ పోదు. ఈ నగరంలో రిజిస్ట్రేషన్ అయిన ప్లాటునైనా కబ్జా చేస్తారేమో గానీ, కర్చీఫ్ పడిన సీటును మాత్రం ముట్టుకోరు. అదొక ధర్మం.

ఆ ధర్మాన్ని ఆ రోజు ఒక ఆకుపచ్చ చుడీదార్ కాలరాసింది. కాలరాసిందే కాక కిటికీ పక్కకు సర్దుకుని, టిఫిన్ బాక్సు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు బయటికి చూసింది.

"మేడమ్, గిది న్యాయమేనా?"

"చూడండి సార్, నేను నాంపల్లి కాంచి నిలవడి వస్తున్న. మీ కర్చీఫ్ గిప్పుడే ఎక్కింది. ఇద్దరిల ఎవరు సీనియర్?"

చుట్టుపక్కల వాళ్ళు కిసుక్కున నవ్వారు. అప్పటికి కండక్టర్ పూలమ్మ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. ఏళ్ళ తరబడి అదే రూట్లో తిరుగుతున్న మనిషి. టికెట్లు కొట్టడం ఆమె ఉద్యోగం, తీర్పులు చెప్పడం ఆమె సరదా.

"ఏంది లొల్లి?"

"అక్కా, నేను కర్చీఫ్ వేసిన..."

"కర్చీఫ్‌కు టికెట్ తీసుకున్నవా తమ్మీ?"

"లేదు."

"టికెట్ లేని కర్చీఫ్ సీట్ల ఎట్ల కూసుంటది? జరుగు, జరుగు, వెనకకు పో."

బస్సంతా గొల్లున నవ్వింది. విజయేందర్ ముఖం గులాల్ చల్లినట్టయింది. ఆ పిల్ల మాత్రం నవ్వు ఆపుకుని చెయ్యి చాపింది.

"బ్యాగియ్యండి."

"ఎందుకు?"

"నిలవడి మోస్తరా? హయత్‌నగర్ దాకా?"

కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ బ్యాగులు ఒళ్ళో పెట్టుకోవడం సిటీ బస్సులో మరో ధర్మం. అతను హయత్‌నగర్ పోతాడని ఆమెకెలా తెలుసని ఆ పూట అతనికి తట్టనే లేదు. ఆమె పేరు స్నేహలత అనీ, నాంపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ అనీ, వనస్థలిపురంలో అన్నావదినలతో ఉంటుందనీ చాదర్‌ఘాట్ వంతెన దాటేలోపు తెలిసిపోయింది. అందుకు ఆమె వాగుడుకాయ అయి ఉండాల్సిన పనిలేదు. ఆ వంతెన మీద ఆ టైములో బస్సు ఆగితే, మనిషి తన జాతకం మొత్తం చెప్పుకోవచ్చు.

విజయేందర్ గురించి కూడా చెప్పాలి కదా. అబిడ్స్‌లో ఒక ప్రైవేటు బీమా కంపెనీలో అతని ఉద్యోగం. రోడ్డు మీద ఎవరి బండి ఎవరి బండిని గుద్దిందో, తప్పు ఎవరిదో తేల్చే పని. ఇల్లు హయత్‌నగర్ అవతల. మ్యాపులో చూస్తే జానెడు దూరం. కానీ ఆ జానెడులో ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి అని ఐదుగురు అత్తగార్లు కాపలా ఉన్నారు. ప్రతి ఒక్కరి గుమ్మం ముందూ ఆగి, వాళ్ళ సణుగుడు వినిగానీ కదలడానికి లేదు.

స్నేహలత కనబడకముందు అతని బతుకు ఎలా ఉండేదో వాళ్ళమ్మ శంకరమ్మను అడగాలి. "పొద్దుగాల పోయేటప్పుడు కొడుకులెక్క పోతడు, పొద్దూకి వచ్చేటప్పుడు ఎవడో వస్తడు" అనేది ఆమె. వచ్చీ రాగానే టీవీ మీద అరుపు, ఫ్యాను మీద అరుపు. కంచంలో ఏముందో చూడకుండా తినేవాడు. ఒకసారి ఆమె కూర వేయడం మరిచిపోతే ఒట్టి అన్నం తిని, కూర బాగుందమ్మా అని చెయ్యి కడుక్కున్నాడు. ఆదివారం వస్తే పగలంతా నిద్ర.

మెట్రో ఉంది కదయ్యా అని మీరడుగుతారు. నిజమే, ఉంది. ఎక్కాలంటే ముందు ఎల్బీనగర్ దాకా ఆటోలో పోవాలి. అయినా సరే, పాసు తీసుకుందామని అతను నిశ్చయించుకున్న వారంలోనే ఈ కర్చీఫ్ సంగతి జరిగింది. ఆ తర్వాత మెట్రో పేరెత్తితే, "ఆ ఏసీ నాకు పడదమ్మా, జలుబు చేస్తది" అనడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున ఆమె వనస్థలిపురంలో ఎక్కి, ఉతికి ఇస్త్రీ చేసిన కర్చీఫ్ అతని చేతిలో పెట్టింది.

"మీ జూనియర్‌ను తీస్కోండి."

"థాంక్స్. మీరు రోజూ గిదే బస్సా?"

"ఎప్పటి సందో గిదే బస్సు. మీరు కిటికీలకెళ్లి సీట్లే చూస్తరు, మనుషులను చూడరు."

అంటే తను ఎక్కడ దిగుతాడో ఈ పిల్ల ఎప్పటినుంచో చూస్తోంది! అతనికి ఆ రోజు ఆఫీసులో ఒక లారీ గుద్దిన కేసులో తప్పు కరెంటు స్తంభానిదని రాయబోయి చివరి నిమిషంలో ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఊరంతా ఒక దిక్కు, విజయేందర్ ఒక దిక్కు. ఊరు జామ్ కావద్దని కోరుకునేది, అతను కావాలని మొక్కేవాడు. మంత్రుల కాన్వాయ్ వస్తుందని రోడ్డు ఆపితే మనసులోనే దండం పెట్టుకునేవాడు. ఖైరతాబాద్ గణపతిని చూడటానికి జనం కదిలే రోజుల్లో బస్సు నాంపల్లి నుంచి అబిడ్స్‌కి రావడానికే ఒక యుగం పట్టేది. ఆ యుగంలో ఆమె ఒక్కతే నిలబడి ఉంటుందే అని బెంగపడి, అతను ఎదురు నడిచిపోయి నాంపల్లిలోనే ఎక్కేవాడు.

ఒక సాయంత్రం అబిడ్స్‌లో వాన దంచికొట్టింది. ఆమె పక్కనున్న కిటికీ అద్దం ఎటు లాగినా మూసుకోలేదు. అతను బస్సు లోపల గొడుగు విప్పి ఆ కిటికీకి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"గొడుగు దించండి, అందరు నవ్వుతున్నరు."

"నవ్వనీయ్. మీరు తడుస్తే రేపు జలుబు చేస్తది, ల్యాబుకు రారు."

"రాకుంటే మీకేంది?"

"నాకేముంది? నా బ్యాగెవరు పట్టుకుంటరు?"

"ఓహో, బ్యాగు కోసమా! గంతే అనుకున్న."

"మరి? పొద్దంతా జనం రక్తం తీసేటోళ్ళతోని వేరే పనేముంటది?"

"రోడ్డు మీద గుద్దుకునేటోళ్ళ పంచాయితీ తెంపేటోళ్ళకంటె నయమే." ఆమె మూతి తిప్పి కిటికీ వైపు చూసింది. చూసింది కానీ, కిటికీకి గొడుగు అడ్డం ఉంది. గొడుగు మీది నల్లగుడ్డను చూస్తూ నవ్వుకోవాల్సి వచ్చింది.

పూలమ్మ దూరం నుంచి అరిచింది. "తమ్మీ, గొడుగుకు టికెట్ తీసుకున్నవా?"

అలా నెలలు గడిచాయి. విజయేందర్ ఇంటికి రాగానే ఫ్యాను మీద అరవడం మానేశాడు, కూరలో ఉప్పు తగ్గితే చెప్పడం మొదలుపెట్టాడు. కానీ అసలు మాట ఆమెతో అనలేదు. రేపు కూడా బస్సుంటుంది కదా, రేపు చెబుదాం అనుకునేవాడు. ఆ రేపు వచ్చేది, చాదర్‌ఘాట్ వచ్చేది, జామ్ అయ్యేది, మాట మాత్రం గొంతులో ఇరుక్కునేది.

ఇంతలో ఆఫీసువాళ్ళకు ఉద్యోగుల జీవితాలు బాగుచేయాలనే కోరిక పుట్టింది. రోజూ రాకపోకల వల్ల బతుకు ఎలా పాడవుతుందో చెప్పడానికి శ్రీహరి అనే నిపుణుణ్ని పిలిచారు. ఆయన వస్తూ వస్తూ ఖైరతాబాద్ దగ్గర ఇరుక్కుని, అందరూ ఇళ్ళకు బయల్దేరే వేళకు వచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఫ్రెండ్స్, ప్రయాణాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలో ఈ రోజు నేర్చుకుందాం" అన్నాడు. ఆ తర్వాత తెర మీద బొమ్మలు వేసి, ప్రయాణం వల్ల బీపీ ఎలా పెరుగుతుందో, నడుము ఎలా విరుగుతుందో, కాపురాలు ఎలా కూలుతాయో వివరించాడు. వివరిస్తున్నంత సేపూ ఒక్కొక్కరి బస్సే పోతోంది.

"చెప్పండి, మీ దినచర్యలో అన్నిటికంటే బాధాకరమైన భాగం ఏది?"

అందరూ ఒకే గొంతుతో ప్రయాణం అన్నారు. అకౌంట్స్ ఆమె అయితే ఏడ్చేసింది కూడా. శ్రీహరి తృప్తిగా తలాడిస్తూ విజయేందర్ దగ్గరికొచ్చాడు.

"మీకు?"

"బస్సు దిగినప్పటి సంది మళ్ళ బస్సెక్కేదాక సార్."

"అది ఆఫీసు టైము కదా?"

"ఔ సార్."

శ్రీహరి అతని కళ్ళలోకి పరీక్షగా చూశాడు. తర్వాత మేనేజర్ సదాశివను పక్కకు తీసుకుపోయాడు. "ఇది చాలా ముదిరిన కేసు సార్. మిగతావాళ్ళకు బాధ తెలుస్తోంది. ఇతనికి తెలియడం కూడా పోయింది. ముందు ఇతన్ని కాపాడండి."

సదాశివ మంచి మనిషి. వారం తిరగకుండానే విజయేందర్‌ని పిలిచి భుజం తట్టాడు. "ముబారక్ హో! హయత్‌నగర్ బ్రాంచికి వేసిన నిన్ను. ఇంటి నుంచి నడుచుకుంట పోవచ్చు. ఈ ఆఫీసుల ఎంతమంది అడుగుతున్నరో తెలుసా? నీ ఒక్కనికే ఇచ్చిన."

ప్రాణం పోయినంత పనైంది విజయేందర్‌కి. నిజం చెప్పినందుకు ఇంత పెద్ద శిక్షా!

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఎప్పటిలాగే అతని బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ట్రాన్స్‌ఫర్ అయింది," అన్నాడు.

ఆమె చప్పున తలెత్తింది. "ఏడికి?"

"హయత్‌నగర్."

"అంటే ఇంటి దగ్గరనే."

"ఔ. నడుచుకుంట పోవచ్చు." పోవద్దను, ఒక్కసారి పోవద్దను, ఈ ఉద్యోగమే మానేస్తా అని అతని లోపల ఒకటే గోల.

ఆమె లోపల ఏం గోల జరిగిందో మనకు తెలియదు. ముఖం మాత్రం వాడిపోయింది. "కంగ్రాట్స్. ఇగ మీకేం ఫికర్! మధ్యాహ్నం ఇంటికిపోయి వేడివేడిగ తినొచ్చు."

"ఔ, తినొచ్చు."

"జరసేపు పండుకోవచ్చు గూడ."

"ఔ. పండుకోవచ్చు." ఆమె ఒళ్ళోని బ్యాగుకేసి చూస్తూ అడిగాడు. "మీరేమంటరు?"

"నేనేమంట? అననీకి నేనెవరు? బస్సుల బ్యాగు పట్టుకునేదాన్ని."

అప్పటికి బస్సు మలక్‌పేట కూడా దాటలేదు. ఆమె అతని బ్యాగు తీసి చేతికిచ్చేసింది. ఆమె దిగే స్టాపు ఇంకా ఎంతో దూరం. అయినా ఇచ్చేసింది. ఆ బ్యాగు పట్టుకుని దారి పొడుగునా నిలబడ్డ విజయేందర్‌కి అది సిమెంటు బస్తాలా అనిపించింది. అతను పోనని అనాలని ఆమె చూసింది, ఆమె పోవద్దని అనాలని అతను చూశాడు. చదువుకున్న మూర్ఖులు ఇద్దరు.

ఫోన్లున్నాయి కదా, మాట్లాడుకోవచ్చు కదా అంటారు. నంబర్లు ఎప్పుడో ఇచ్చిపుచ్చుకున్నారు. కానీ వాళ్ళ మాటలు హారన్ల మధ్య, మోచేతుల మధ్య పుట్టిన మాటలు. ఫోనులో ఆ మాటలు రావు. "తిన్నరా?" అని ఇతను పంపేవాడు. "తిన్న. మీరు?" అని ఆమె. "తిన్న" అని ఇతను. ఇలా రోజూ ఇద్దరూ తిన్నారన్న సంగతి ఇద్దరికీ రూఢి అయ్యేది తప్ప వ్యవహారం ముందుకు కదిలేది కాదు. పోనీ వనస్థలిపురం పోయి కలుద్దామంటే, ఏమని పోవాలి? ఎవరింటికని పోవాలి? ఒక ఆడపిల్ల పక్కన ఒక కుర్రాడు గంటలకు గంటలు నిలబడినా ఎవరూ ఎందుకని అడగని చోటు ఈ మహానగరంలో ఒక్కటే ఉంది. అది సిటీ బస్సు. దాన్ని కాస్తా పోగొట్టుకున్నాడు.

కొత్త బ్రాంచిలో సుఖం మొదలైంది. ఆ సుఖం భరించరానిది. ఆఫీసు వదలగానే ఇల్లు వచ్చేసేది. ఇంటికి వస్తే పొద్దుపోయేది కాదు. శంకరమ్మ మాత్రం చేజారిన కొడుకు మళ్ళీ చేతికొచ్చినట్టు సంబరపడింది. పిండి పట్టించడానికి గిర్నీకి పంపేది, కొత్తిమీరకు పంపేది. ఒక రోజు నేరుగా బ్రాంచికే వచ్చి, కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి, వంతు రాగానే, "కొడుకా, రాత్రికి పప్పు చెయ్యాల్నా, పచ్చిపులుసా?" అని అడిగింది. క్యూలో వెనకున్నాయన పచ్చిపులుసుకే ఓటేశాడు.

బీపీ చూపించుకుంటే బ్రహ్మాండంగా ఉంది. నడుము నొప్పి లేదు. నిద్ర కావలసినంత. శ్రీహరి చెప్పిన జబ్బులన్నీ పోయాయి, బతకాలన్న సరదా కూడా వాటితోపాటే పోయింది. మళ్ళీ ఫ్యాను మీద అరవడం మొదలుపెట్టాడు.

"ఏమైందిరా నీకు? ఇంటికాడ నౌకరి. పానం మంచిగనే ఉంది. మరెందుకురా గట్ల గుడ్లురుముతవ్?" అంది శంకరమ్మ.

"సుఖం ఎక్కువైందమ్మా."

ఇక ఆగలేక ఒక శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి అబిడ్స్ వచ్చి సదాశివ ముందు నిలబడ్డాడు.

"సార్, నన్ను మళ్ళ ఇక్కడికి తీస్కోండి."

సదాశివ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "క్యా హువా? ఆ బ్రాంచిల ఎవరన్న ఏమన్నరా?"

"లేదు సార్. అందరు మంచోళ్ళే."

"మరి? ఇంటి దగ్గరికి పంపమని ఏడ్చినోళ్ళను చూసిన. ఇంటికి దూరంగ పంపమని ఏడ్చేటోడివి నువ్వే."

విజయేందర్ గోడ మీది క్యాలెండర్‌కేసి చూస్తూ, చూస్తూ, చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. బస్సు, బ్యాగు, వాన, గొడుగు, అన్నీ.

సదాశివ కిటికీలోంచి రోడ్డు మీది జామ్‌కేసి చూశాడు. ఆయన పుట్టింది నాంపల్లి గల్లీలోనే. పాతికేళ్ళు ఇంటి నుంచి నడిచి ఆఫీసుకొచ్చిన మనిషి. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళేవాడు. ఇప్పుడు కొడుకులు ఆ ఇల్లు అమ్మించి ఊరి బయట కొల్లూరు అవతల ఆకాశంలో ఒక ఫ్లాటు కొన్నారు. పుట్టిన గల్లీకి ఆయన రోజూ చీకటితో లేచి వస్తున్నాడు.

"నేను వచ్చేటప్పుడు నా పక్కన ఎవరుంటరో తెలుసా?" అన్నాడు. "గూగులామె. కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అంటది. ఇంకో మాట ఉండదు." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సోమవారం వచ్చి చేరు. కానీ మళ్ళ మార్చమని వచ్చినవంటే మాత్రం తంత."

సోమవారం పొద్దున విజయేందర్ ఆమె కంటబడకుండా ముందు బస్సుకే వచ్చేశాడు. సాయంత్రం ఆమెను హఠాత్తుగా ఆశ్చర్యపరచాలని ప్లాను. ఈసారి రేపు, మాపు అనేది లేదు. ఎక్కగానే చెప్పేయడమే. సాయంత్రం జీపీఓ ముందు బస్సు కనబడగానే, కర్చీఫ్ సంగతే మరిచిపోయి, జనాన్ని తోసుకుని లోపల పడ్డాడు. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట ఎవరో మీసాలాయన కూర్చుని నిద్రపోతున్నాడు.

"తమ్మీ!" పూలమ్మ నోరెళ్ళబెట్టింది. "నువ్వు గీడ ఏం జేస్తున్నవ్?"

"మళ్ళ ఇక్కడికే వచ్చిన అక్కా. ఆమె ఏది?"

"అయ్యో నీ పాడుగాను! ఆ పిల్ల శనివారమే చెప్పింది నాకు. వాళ్ళ ల్యాబోళ్ళు హయత్‌నగర్ల కొత్త బ్రాంచి తెరిచిన్రంట. నీ ఆఫీసు కాడికి దగ్గరుంటదని, వాళ్ళ మేడమ్ కాళ్ళావేళ్ళా పడి ఆడికి మార్పించుకుంది. ఇయ్యాల్టి నుంచే."

విజయేందర్ రాడ్డు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. జేబులో ఫోను మోగింది. స్నేహలత.

"హలో, ఏడున్నరు?" ఆమె గొంతులో ఉత్సాహం ఉరకలేస్తోంది. "మీ బ్రాంచికి తాళమేసిన్రు. ఇంటికి పోయిన్రా?"

"బస్సుల ఉన్న."

"ఏ బస్సుల?"

"మన బస్సుల. జీపీఓ కాడ."

ఆమె చిన్నగా అడిగింది. "అబిడ్స్ల మీకేం పని?"

"ఇక్కడికే మార్పించుకున్న. మీ కోసం."

"నేను మీ ఆఫీసు ముంగట నిలవడ్డ."

"తెలిసింది. పూలమ్మక్క చెప్పింది."

"మీకు బుద్ధుందా?"

"లేదు. మీకు?"

"నాకుంటే గీడెందుకుంట?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది. బస్సు చుట్టూ అబిడ్స్ మొత్తం హారన్ కొడుతోంది. విజయేందర్ ఒక చెవి మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. "స్నేహా, నువ్వంటే నాకు పానం. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"ఆఁ? వినవడ్తలేదు. హారన్లు!"

"నువ్వంటే నాకు పానం! పెండ్లి చేసుకుంటవా?" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పడి హారన్లన్నీ ఆగిపోయాయి. బస్సు నిశ్శబ్దమైపోయింది. మీసాలాయన నిద్ర లేచాడు.

"మాకైతే వినవడ్డది," అన్నాడాయన. "ఆ పిల్లకు వినవడ్డదా?"

"వినవడ్డది," అంది ఫోనులో స్నేహలత. "నేను గిప్పుడే మెట్రో ఎక్కి అబిడ్స్‌కు వస్తున్న."

"వద్దు, నేనే వస్తున్న!"

పూలమ్మ చప్పున ఫోను లాక్కుంది. "బిడ్డా, నువ్వు ఆడనే ఉండు! కదిలినవంటే ఊరుకోను. ఇద్దరు ఒకల్లకోసం ఒకలు ఉరికి ఉరికి ఊరు తారుమారు చేస్తున్నరు. ఒక్కరన్న ఆగితేనే కలుస్తరు. ఈ పిలగాన్ని నేను తీసుకొస్త."

"నేను దిగి మెట్రోల పోత అక్కా, జల్దీ అయితది," అన్నాడు విజయేందర్.

బస్సులో ఎవరూ ఒప్పుకోలేదు. "నువ్వు మెట్రోల పోతే ఏమైందో మాకెట్ల తెలుస్తది?" అంది వెనక నుంచి ఒక పెద్దమ్మ. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు మరింత దగ్గరికి జరిగి దారి మూసేశారు.

బస్సు కదిలింది. కదలడమంటే, కోఠి దాకా నత్త నడక. చాదర్‌ఘాట్ దగ్గర అది కూడా లేదు. ఇన్నాళ్ళు ఎన్ని జామ్‌ల కోసం మొక్కాడో, ఆ మొక్కులన్నీ దేవుడు దాచిపెట్టి ఆ సాయంత్రం ఒక్కసారే తీర్చాడు. విజయేందర్ జీవితంలో మొదటిసారి ట్రాఫిక్‌ను మనస్ఫూర్తిగా తిట్టాడు. మీసాలాయన మరో నలుగురిని వెంటేసుకుని కిందికి దిగి, అడ్డంగా ఆగిన ఒక ట్రాలీ ఆటోను తోయించి, డ్రైవర్‌కి చెయ్యి ఊపాడు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది, దిగాల్సినవాళ్ళు దిగలేదు. ఎల్బీనగర్ వచ్చింది, ఎవరూ సీట్లోంచి కదలలేదు. "మీ స్టాపే కదా సార్?" అని పూలమ్మ అడిగితే, "పోనీయమ్మా, ఇంటికాడ ఏమున్నది" అన్నాడు ఒకాయన.

హయత్‌నగర్‌లో స్టాపు కింద స్నేహలత టిఫిన్ బాక్సు సంచి పట్టుకుని నిలబడి ఉంది. అదే ఆకుపచ్చ చుడీదార్. విజయేందర్ దిగబోయాడు.

"దిగకు," అందామె. మొదటిసారి నువ్వు అంది. గబగబా మెట్లెక్కి పైకొచ్చింది. "అక్కా, ఈ బస్సు మళ్ళ పోతదా?"

"ఎందుకు పోదు బిడ్డా? మళ్ళ నాంపల్లికే."

"అయితే మేము గూడ పోతం."

కథ తేలిందని నిశ్చింతగా జనం దిగిపోయారు. దిగుతూ దిగుతూ పెద్దమ్మ ఇద్దరి బుగ్గలూ పుణికింది. మీసాలాయన ఎల్బీనగర్ పోవడానికి అదే బస్సులో వెనక్కి కూర్చుని, మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు.

బస్సంతా ఖాళీ. ఏ సీటులోనైనా కూర్చోవచ్చు. ఇద్దరికీ కాసేపు ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. చివరికి ఒకే సీటులో పక్కపక్కన కూర్చున్నారు. ఇన్ని నెలల్లో అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"రేపటి నుంచి ఎట్ల?" అంది స్నేహలత. "నువ్వు ఆడ, నేను ఈడ."

"నేను మళ్ళ అడిగితే మా సార్ తంత అన్నడు."

"మా మేడమ్ గూడ గదే అన్నది."

"అయితే రోజూ పొద్దూకి ఆఫీసు అయిపోంగనే నీ దగ్గరికి వస్త. ఇద్దరం గిట్లనే ఎక్కి కూసుందాం."

"ఏడికి పోనీకి?"

"ఏడికి లేదు. కూసోనీకే."

ఆమె అతని భుజానికి తల ఆనించింది. అతను ఆమె టిఫిన్ బాక్సు సంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. పూలమ్మ మెషిన్ పట్టుకుని వచ్చింది. "ఆడోళ్ళకు బస్సు ఫ్రీ, బిడ్డకు జీరో టికెట్. నువ్వు టికెట్ తీస్కో తమ్మీ, ప్రేమకు కన్సెషన్ లేదు."

ఫోను మోగింది. శంకరమ్మ.

"ఏడున్నవ్ రా? అన్నం సల్లారిపోతుంది. ఎంతల వస్తవ్?"

"వస్తలేనమ్మా. పోతున్న."

"ఏడికిరా గీ ఏళల?"

"అబిడ్స్‌కు. బస్సుల ఉన్న. నా పక్కన నీ కోడలుంది."

ఫోనులో వినిపిస్తున్న టీవీని శంకరమ్మ కట్టేసింది. స్నేహలత అతని చెయ్యి పట్టుకుంది. కులమడుగుతుందో, ఊరడుగుతుందో, తిడుతుందో, ఏడుస్తుందో అని విజయేందర్ ఫోను చెవికి అదుముకున్నాడు.

గొంతు సవరించుకుంది శంకరమ్మ.

"పిల్లకు సీటు దొరికిందారా?"